ఆదేశించే అక్షరం

అక్షరాస్యుడని ఎవరిని పిలవాలి? ఈ ప్రశ్నకు ఒక్కొక్క కాలం ఒక్కొక్క సమాధానం చెప్పింది. వేలిముద్ర వేసేవాడు నిరక్షరాస్యుడనీ, సంతకం చేసేవాడు అక్షరాస్యుడనీ ఒకప్పుడు అనుకొన్నాం. కాని సంతకం మాత్రమే నేర్చినవాడు తన పేరు తాను గీయగలడే గాని, ఏ కాగితం కింద ఆ పేరు గీస్తున్నాడో తెలుసుకోలేడు. చదవడం వచ్చినవాడు కాగితంలో ఏముందో గ్రహిస్తాడు. రాయడం వచ్చినవాడు ఆ కాగితానికి జవాబు చెప్పగలుగుతాడు. ఈ మూడు మెట్లలో మొదటి మెట్టు మీదనే ఆగిపోయినవాణ్ణి అక్షరాస్యుడనడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే.

మూడవ మెట్టు ఎలా ఉంటుందో దేశానికి చూపిన ఊరు మన రాష్ట్రంలోనే ఉంది. నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో, కలిగిరి మండలంలో దూబగుంట ఒక చిన్న గ్రామం. 1991లో ఆ జిల్లాలో ‘అక్షర దీపం’ పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. పగలంతా కూలిపనులు చేసిన స్త్రీలు రాత్రిపూట దీపాల వెలుగులో పలకలు పట్టుకొని కూర్చున్నారు. వారి వాచకంలో సీతమ్మ కథ ఒక పాఠం. భర్త సారా వ్యసనానికి బలైపోయిన ఒక ఇల్లాలి కథ అది. అక్షరాలు కూడబలుక్కొంటూ ఆ పాఠం చదివిన స్త్రీలు అందులో తమ ఇళ్ళనే చూసుకొన్నారు. చదివి ఊరుకోలేదు. కూడబలుక్కొని వెళ్ళి, ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ పోరాటంలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ ‘దూబగుంట రోశమ్మ’గా ప్రసిద్ధి పొంది, 2016లో కన్నుమూశారు.

ఈ వృత్తాంతంలో చాలామంది గమనించని విశేషం ఒకటి ఉంది. దూబగుంట స్త్రీలు చేసిన పని అక్కడితో ముగియలేదు. అది ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పేరుతో మరొక వాచకంలో పాఠమై, జిల్లాలోని ఇతర గ్రామాలకు చేరింది. పాఠం చదివినవారే పాఠమయ్యారు. వారి అనుభవాన్ని చదివి ఇతర గ్రామాల స్త్రీలు కదిలారు. 1992లో సారా వేలంపాటలకు అడ్డు నిలిచారు. ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించవలసివచ్చింది. తరువాతి కాలంలో మద్యం విధానాలు ఎన్ని మలుపులు తిరిగినా, ఆనాటి స్త్రీలు చెప్పిన సత్యం చెరిగిపోలేదు. ఇతరులు రాసినదానిని స్వీకరించడం చదువులో సగమే. తన మాటను తాను చెప్పి, దానిని నలుగురికీ పనికివచ్చేటట్లు చేయడం రెండవ సగం.

ఈ కొలబద్దతో నేటి కంప్యూటర్ చదువును కొలిచి చూద్దాం. కలిగిరిలోనో, ఉదయగిరిలోనో, ఆత్మకూరులోనో ఇంటర్మీడియట్ చదువుతున్న విద్యార్థికి నేడు కంప్యూటర్ కొత్త వస్తువు కాదు. చాలామంది చేతుల్లో ఫోన్ల రూపంలో అది ఉండనే ఉంది. తెర మీద కనిపించే బొమ్మను తాకడం, పట్టికలో చూపిన ఆదేశాన్ని ఎంచుకోవడం, అడిగిన గడిలో పేరు నింపడం వారికి వెన్నతో పెట్టిన విద్య. అయితే ఆ పట్టికలో లేని పని ఒకటి అవసరమైనప్పుడు మనం ఏం చేస్తున్నాం? ‘ఇందులో ఆ సౌకర్యం లేదు’ అని నిట్టూర్చి ఊరుకొంటున్నాం. లేదా వెయ్యిసార్లు చేయవలసిన పనిని వెయ్యిసార్లూ చేత్తోనే చేస్తున్నాం. ఇది సంతకం దగ్గర ఆగిపోయిన అక్షరాస్యత. యంత్రానికి మన సొంత మాటలో ఒక ఆదేశం రాసి ఇవ్వగలిగిననాడే మనం కంప్యూటర్ అక్షరాస్యులమని నా అభిప్రాయం. ఆ విద్యను అభ్యసించడానికి టెక్స్ట్ ఎడిటర్ కంటే అనువైన చోటు మరొకటి లేదు.

టెక్స్ట్ ఎడిటర్ అంటే అక్షరాలను రాయడానికీ, దిద్దడానికీ ఉపయోగపడే సాధనం. అక్షరాల సొగసు, రంగులు, పుట అమరిక దాని పని కాదు. అక్షరమే దాని ముడిసరుకు. ఎడిటర్లన్నీ ఒక తీరువి కావు. కొన్ని ఎడిటర్లు తయారైనప్పుడు ఎన్ని ఆదేశాలతో వచ్చాయో అన్నింటితోనే ఉండిపోతాయి. మరికొన్నింటికి మనం కొత్త ఆదేశాలు నేర్పవచ్చు. మొదటిది అంగడిలో కొన్న కొడవలి వంటిది. రెండవది కొడవలితోపాటు కొలిమి కూడా ఇంటికి వచ్చినట్లు. మన రైతు కొత్త పార కొన్నా, తన ఎత్తుకూ చేతి పట్టుకూ తగిన కామను తానే చెక్కి బిగించుకొంటాడు. పనిముట్టును పనివాడికి తగినట్లు మలచుకోవడం మనకు తెలియని సంప్రదాయం కాదు. కంప్యూటర్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ సంప్రదాయాన్ని మరచిపోయాం.

ఇటువంటి మలచుకోదగిన ఎడిటర్లలో పేరెన్నికగన్నది ‘ఈమ్యాక్స్’. దాని పుట్టుక కథ దూబగుంట పాఠాన్ని తలపింపజేస్తుంది. 1970 ప్రాంతాల్లో అమెరికాలోని ఎం.ఐ.టి. కృత్రిమ మేధ పరిశోధనశాలలో ‘టెకో’ అనే ఎడిటర్ వాడేవారు. అందులో ఆదేశాలు ఒకటి రెండు అక్షరాలంత పొట్టిగా ఉండేవి. మన పేరునే టెకోకు ఆదేశంగా ఇస్తే ఏమి జరుగుతుందో ఊహించడం ఆనాటివారికి ఒక ఆటగా ఉండేదట. అంత గూఢమైన భాషలోనే వాడుకరులు తమ అవసరాలకు తగిన ఆదేశాల గుచ్ఛాలను కూర్చుకోసాగారు. వీటిని ‘మ్యాక్రోలు’ అంటారు. ఒక్కొక్కరి గుచ్ఛం ఒక్కొక్క తీరుగా ఉండడంతో ఒకరి ఎడిటర్‌ను మరొకరు వాడలేని పరిస్థితి ఏర్పడింది. 1976లో గై స్టీల్ అనే పరిశోధకుడు వాటన్నింటినీ ఒక క్రమంలోకి తెచ్చే ప్రయత్నం ప్రారంభించగా, రిచర్డ్ స్టాల్‌మన్ దానిని పూర్తి చేశాడు. ‘ఎడిటింగ్ మ్యాక్రోస్’ అనే మాటల నుంచే ఈమ్యాక్స్ అన్న పేరు వచ్చింది. అంటే ఆ ఎడిటర్ ఏ ఒక్క సంస్థ తలలోనో పుట్టినది కాదు. వాడుకొన్నవారు రాసుకొన్న ఆదేశాలే పోగుపడి ఎడిటర్‌గా రూపొందాయి. దానిని ఇతరులకు ఇచ్చేటప్పుడు స్టాల్‌మన్ ఒక నియమం పెట్టాడు. ఎవరైనా దానికి మెరుగులు దిద్దితే, ఆ మెరుగులను తిరిగి అందరికీ అందించాలి. పాఠం చదివినవారి అనుభవమే మళ్ళీ పాఠం కావడమంటే ఇదే.

ఇంతకంటే మనసుకు హత్తుకొనే సంఘటన మరొకటి ఉంది. 1978లో బెర్నార్డ్ గ్రీన్‌బర్గ్ అనే ఇంజనీరు హనీవెల్ సంస్థలో ఉంటూ ‘మల్టిక్స్’ అనే కంప్యూటర్ వ్యవస్థకు ఒక ఈమ్యాక్స్‌ను తయారుచేశాడు. అందులో కొత్త ఆదేశాలను లిస్ప్ అనే భాషలో రాయవచ్చు. ఆ కార్యాలయంలో ఉత్తరాలు, నివేదికలు తయారుచేసే కార్యదర్శులు కూడా ఆ ఎడిటర్‌ను వాడేవారు. ఎడిటర్‌ను ఎలా పెంపొందించుకోవాలో చెప్పే చిన్న పుస్తకం ఒకటి వారి చేతికి వచ్చింది. అయితే ‘ఇది ప్రోగ్రామింగ్’ అని ఆ పుస్తకంలో ఎక్కడా రాయలేదు. తమకు ప్రోగ్రామింగ్ రాదని గట్టిగా నమ్మిన ఆ ఉద్యోగులు, ఆ మాట కనిపించకపోవడం వల్ల బెదరలేదు. చదివారు, చెప్పినట్లు చేశారు, తమ పనికి కావలసిన ఆదేశాలను తామే రాసుకొన్నారు. ప్రోగ్రామ్‌లు రాస్తున్నామని తెలియకుండానే ప్రోగ్రామర్లయ్యారు. స్టాల్‌మన్ తన ప్రసంగంలో ఈ సంగతిని వివరించాడు.

దూబగుంట స్త్రీల జీవన్మరణ సమస్యనూ, ఒక కార్యాలయంలోని సౌకర్యాన్నీ ఒకే త్రాసులో తూచడం నా ఉద్దేశం కాదు. వారి కష్టం వేరు, వీరి అవసరం వేరు. కాని రెండు చోట్లా చదువు పనిచేసిన తీరు ఒక్కటే. ‘నాకు రాదు’ అన్న భయాన్ని పక్కకు నెట్టి, తమ జీవితానికి సంబంధించిన విషయాన్నే పాఠంగా ముందు పెట్టినప్పుడు సామాన్యులు అసామాన్యమైన పని చేశారు. మన తరగతి గదుల్లో కంప్యూటర్ పాఠం విఫలమవుతున్నదంటే, విద్యార్థికి తెలివి లేక కాదు. ఆ పాఠంలో అతని సొంత పని ఏదీ లేకపోవడం వల్ల.

అటువంటి సొంత పనిని ఒకదాన్ని ఉదాహరణగా తీసుకొందాం. ఒక కళాశాల గ్రంథాలయంలో 150 పుటల పాత కథల పుస్తకం ఉందనుకొందాం. విద్యార్థులు పుటలను ఫోటోలు తీసి, అచ్చక్షరాలను గుర్తించే ప్రోగ్రామ్ ద్వారా వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. యంత్రం చాలావరకు సరిగానే చదివింది. కాని తెలుగులో అనుస్వారాన్నీ సున్న అంటాం, అంకెల్లోని పూజ్యాన్నీ సున్న అంటాం. రెండూ చూడడానికి గుండ్రనివే. యంత్రం వాటి మధ్య తేడా తెలియక తడబడింది. ‘సాయంత్రం’ అనే మాట ‘సాయ0త్ర0’ అయి కూర్చుంది. కంటికి పెద్ద తేడా కనిపించదు గాని, కంప్యూటర్‌లో ‘సాయంత్రం’ అని వెదికితే ఆ మాట దొరకదు. పుటకు 20 చోట్ల ఇటువంటి తప్పు ఉంటే పుస్తకమంతటిలో 3,000 తప్పులవుతాయి.

చేత్తో దిద్దితే వారం రోజులు పట్టవచ్చు. ఎడిటర్‌లో దీనికి రెండు మార్గాలున్నాయి. మొదటిది మ్యాక్రో. ఈమ్యాక్స్‌లో ఎఫ్3 మీటను నొక్కి, ఒక తప్పును వెదికి, దిద్ది, ఎఫ్4 మీటను నొక్కితే, మనం చేసిన పనినంతా ఎడిటర్ గుర్తుపెట్టుకొంటుంది. మళ్ళీ ఎఫ్4 నొక్కినప్పుడల్లా అదే పనిని తిరిగి చేస్తుంది. ఇది చిలుకకు పలుకు నేర్పడం వంటిది. చిలుక పలుకుతుంది గాని ఆలోచించదు. కథలో ‘1930’ అనే సంవత్సరం వచ్చిందనుకోండి. అందులోని పూజ్యాన్ని కూడా మ్యాక్రో అనుస్వారంగా మార్చివేస్తుంది.

అందుకే రెండవ మార్గం కావాలి. అది కొత్త ఆదేశాన్ని నిర్వచించడం. ఇక్కడ మొదట చేయవలసిన పని కీబోర్డు మీద కాదు, మనసులో. ‘తప్పు ఎక్కడుంది?’ అని మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. తెలుగు అక్షరం వెంటనే ఎడం లేకుండా వచ్చిన పూజ్యం తప్పు. అంకె తరువాత వచ్చిన పూజ్యం ఒప్పు. ఈ ఒక్క వాక్యం దొరికితే ఆదేశం సగం రాసినట్లే. ఇది చేతికి ఇచ్చిన జవాబు కాదు, భాషను పరిశీలించి పట్టుకొన్న సూత్రం. వ్యాకరణ పాఠంలో సంధి సూత్రం రాసేటప్పుడు మనం చేసేదీ ఇదే. ఏది ముందుంటే, ఏది పరమైతే, ఏది వస్తుందో నిర్ణయించడమే కదా సూత్రం!

ఆ సూత్రాన్ని ఈమ్యాక్స్‌కు చెప్పే పద్ధతి కూడా క్రమబద్ధమైనదే. నిర్వచనం ‘డీఫన్’ అనే మాటతో మొదలవుతుంది. ‘ఇది ఒక కొత్త నిర్వచనం’ అని దాని భావం. తరువాత ఆదేశానికి పేరు పెట్టాలి. ఆ పేరు ఇంగ్లీషులోనే ఉండాలన్న నియమం లేదు. ‘సున్న-సవరించు’ అని తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు. ఆ తరువాత ఈ ఆదేశం ఏమి చేస్తుందో వివరించే ఒకటి రెండు వాక్యాలు రాయాలి. రేపు మరొకరు ‘ఇదేమిటి?’ అని ఎడిటర్‌ను అడిగితే, అది ఈ వాక్యాలనే చూపిస్తుంది. దాని కింద ‘ఇంటరాక్టివ్’ అనే మాట రావాలి. ఆ మాట లేకపోతే మన నిర్వచనం ఇతర ప్రోగ్రామ్‌లు పిలవడానికే గాని, మనిషి పేరు పెట్టి పిలిచే ఆదేశంగా పనిచేయదు. చివరగా చేయవలసిన పని వస్తుంది. ఇలా రాసిన నిర్వచనాన్ని, ఎడిటర్ తెరిచిన ప్రతిసారీ ముందుగా చదువుకొనే ఆరంభ పత్రంలో చేర్చితే, అది శాశ్వతంగా మన ఆదేశమవుతుంది.

ఈ ఆదేశాన్ని ఒక మీటతో ముడిపెట్టవచ్చు కూడా. కంట్రోల్, సి మీటలను కలిపి నొక్కి, ఆ తరువాత ఒక అక్షరాన్ని నొక్కే వరుసలను ఈమ్యాక్స్ నిర్మాతలు తాము వాడుకోకుండా వాడుకరులకే వదిలిపెట్టారు. ‘విమ్’ అనే మరొక ప్రసిద్ధ ఎడిటర్‌లో వాడుకరి నిర్వచించిన ఆదేశం పేరు ఇంగ్లీషు పెద్ద అక్షరంతోనే మొదలుకావాలి. ఎడిటర్ సొంత ఆదేశాలతో కలిసిపోకుండా ఉండడానికి ఆ ఏర్పాటు. ఇల్లు కట్టినవాడే ‘ఈ గది మీది, మీ ఇష్టం వచ్చినట్లు సర్దుకోండి’ అని తలుపు తెరిచి పెట్టడమన్నమాట. ఆ గదిలో అడుగుపెట్టకుండా వసారాలోనే కాలక్షేపం చేస్తున్నది మనమే.

ఆదేశించే శక్తి వెంట బాధ్యత కూడా వస్తుంది. చేత్తో చేసే తప్పు ఒక్కచోట జరుగుతుంది. ఆదేశంలోని తప్పు ఒక్క క్షణంలో 3,000 చోట్ల జరుగుతుంది. ‘మార్కులు0’ అని ఎడం లేకుండా ఎవరైనా రాసి ఉంటే, మన సూత్రం అక్కడ బోల్తాపడుతుంది. కనుక మూలప్రతిని భద్రపరచి, నకలు మీద ప్రయోగించాలి. మొదట ఒక్క పుట మీద పరీక్షించాలి. మార్చే ముందు ప్రతిచోటా మనల్ని అడిగేటట్లు ఆదేశాన్ని రాసుకోవాలి. తప్పు జరిగితే వెనక్కి తీసుకొనే మార్గం తెలిసి ఉండాలి. ఈ జాగ్రత్తలు కంప్యూటర్‌కు మాత్రమే సంబంధించినవి కావు. ఇతరుల మీద ప్రభావం చూపే ఏ మాటనైనా పలికే ముందు వివేకవంతుడు పాటించే నియమాలే ఇవి.

ఈ అభిప్రాయానికి కొన్ని ఆక్షేపణలు ఉండవచ్చు. ‘అందరూ ప్రోగ్రామర్లు కావాలా?’ అని మొదటి ప్రశ్న. అక్కరలేదు. అక్షరాలు నేర్చినవారందరూ కవులు కాలేదు. అయినా తమ ఉత్తరం తాము రాసుకోగలుగుతున్నారు. మనం కోరేది ఆ పాటి స్వాతంత్ర్యమే. ‘ఇంగ్లీషు రానివారి సంగతేమిటి?’ అని రెండవ ప్రశ్న. డీఫన్, ఇంటరాక్టివ్ వంటి మాటలు ఇంగ్లీషువే. ఆ అడ్డంకి నిజమైనదే. దానిని చిన్నదని కొట్టిపారేయరాదు. కాని వాటి సంఖ్య పరిమితం. సూత్రాన్ని కనిపెట్టే ఆలోచన మాత్రం మాతృభాషలోనే సాగుతుంది. అనుస్వారానికీ పూజ్యానికీ ఉన్న తేడాను తెలుగు తెలిసినవాడే పట్టుకోగలడు. ఈమ్యాక్స్‌లో తెలుగు టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్ పద్ధతులు రెండూ ఉన్నాయి. తెలుగు పాఠ్యానికి కావలసిన ఆదేశాలను తెలుగువారు కాక మరెవరు రాస్తారు?

మూడవ ఆక్షేపణ ఈ కాలానిది. 2022 చివరలో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత, కోరిక చెబితే చాలు, ప్రోగ్రామ్‌ను యంత్రమే రాసిపెడుతున్నది. ఇక మనం నేర్చుకోవడం ఎందుకు? ఊళ్ళో అర్జీలు రాసిపెట్టేవారు ఎప్పుడూ ఉన్నారు. అయినా చదువుకోవడం ఎందుకని దూబగుంట స్త్రీలు అనుకోలేదు. ఇతరులు రాసిన అర్జీలో తన గోడు సరిగా వచ్చిందో లేదో చదివి చూసుకోలేనివాడు, రాసినవాడి దయమీద ఆధారపడవలసిందే. యంత్రం రాసిన ఆదేశమైనా అంతే. ‘1930’ ఏమవుతుంది అని ప్రశ్నించగలిగినవాడికే అది సేవకురాలు, ప్రశ్నించలేనివాడికి యజమాని.

కనుక కళాశాలల్లో కంప్యూటర్ పాఠాన్ని కొంత మార్చుకోవాలని నా మనవి. ఏ మీట ఏమి చేస్తుందో కంఠస్థం చేయించి మార్కులు వేయడం కంటే, సంవత్సరాంతానికి ప్రతి విద్యార్థీ తన అవసరానికి తగిన ఆదేశాన్ని ఒక్కటైనా రాసి, దానిని తోటివారికి వివరించేటట్లు చేయడం మేలు. అది హాజరుపట్టీలో పేర్లను అకారాది క్రమంలో పేర్చేది కావచ్చు. తండ్రి పొగాకు అమ్మకాల లెక్కల్లోని తేదీలను ఒకే తీరుగా మార్చేది కావచ్చు. అవ్వ చెప్పిన పాటలను టైపు చేసినప్పుడు దొర్లిన తప్పులను దిద్దేది కావచ్చు. ఈమ్యాక్స్, విమ్ వంటి ఎడిటర్లకు వెల చెల్లించనక్కరలేదు. పాతబడిన కంప్యూటర్‌లోనూ అవి చక్కగా పనిచేస్తాయి. కావలసినది ధనం కాదు, ‘నాకూ వస్తుంది’ అనే నమ్మకం. ఒక విద్యార్థి రాసిన ఆదేశం మరుసటి సంవత్సరం విద్యార్థులకు పాఠమైతే, ఆ కళాశాలలో చదువు తన ధర్మాన్ని నెరవేర్చినట్లే.

ముప్పై ఏళ్ళకు పైబడిన మాట. కలిగిరి పక్కన ఒక పల్లెలో, పగటి అలసటతో వంగిన వేళ్ళు పలక మీద వంకరటింకర అక్షరాలు దిద్దాయి. ఆ అక్షరాలు అంతటితో ఆగిపోలేదు. ‘ఇది మా ఊరు, ఇక్కడ ఇది జరగరాదు’ అని ఆదేశించాయి. నేటి విద్యార్థుల వేళ్ళ కింద ఉన్నవి పలకలు కావు, మీటలు. ఆ మీటలు ఇతరులు నిర్ణయించిన పనులనే చేసిపెట్టాలా, మన మాట కూడా వినాలా అన్నది తేల్చుకోవలసినవారు వారే.

ఆలోచించండి – రాయండి

1. సంతకం చేయడం, చదవడం, రాయడం అనే మూడు మెట్లను రచయిత కంప్యూటర్ చదువుకు ఎలా అన్వయించారు?
2. ‘పాఠం చదివినవారే పాఠమయ్యారు’ – ఈ వాక్యాన్ని దూబగుంట, ఈమ్యాక్స్ వృత్తాంతాల ఆధారంగా వివరించండి.
3. మ్యాక్రోకూ, నిర్వచించిన ఆదేశానికీ గల భేదాన్ని ‘సాయ0త్ర0’ ఉదాహరణతో తెలపండి.
4. యంత్రమే ప్రోగ్రామ్ రాసిపెడుతున్నప్పుడు మనం నేర్చుకోనక్కరలేదన్న వాదంతో మీరు ఏకీభవిస్తారా? కారణాలతో మీ అభిప్రాయం రాయండి.